వీడియోలో రెండుసార్లు చూపించాను, రిపోర్టులు దాదాపు నార్మల్. కీళ్ల నొప్పికి రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) దగ్గరికి మనిషి వెళ్లి తీరాలా?

మూతరాని_సీసా
నాలుగు నెలలుగా రెండు చేతుల వేళ్లూ పొద్దున్నే పట్టేస్తున్నాయి. నిద్ర లేచి పిడికిలి బిగించబోతే వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోతాయి. కుళాయి తిప్పడానికి మణికట్టు ఒప్పుకోదు, మోచేత్తో నెడుతున్నాను. టూత్‌పేస్ట్ ట్యూబ్‌ని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కుతున్నాను. సీసా మూత సంగతి నా పేరులోనే ఉంది. పది, పదకొండు అయ్యేసరికి కాస్త దారికొస్తాయి, సాయంత్రానికి మామూలు మనిషిని. అందుకే ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరడం లేదు. "పొద్దున లేవడానికి బద్ధకం" అని కూడా అనిపించుకున్నాను. వయసు 38.

వీడియోలో ఒక డాక్టర్‌కి రెండుసార్లు చూపించాను. రెండుసార్లూ సాయంత్రం టైమే దొరికింది. చేతులు కెమెరాకి దగ్గరగా పెట్టమన్నారు, వెనక్కి తిప్పమన్నారు, పిడికిలి పట్టమన్నారు. ఆ టైముకి నెట్ నెమ్మదించి నా చేయి నాకే గళ్లు గళ్లుగా కనిపించింది. "పెద్దగా వాపు ఏమీ లేదండీ" అని నొప్పి మాత్రలు రాశారు. రక్త పరీక్షల్లో రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చూసేది) నెగటివ్, యూరిక్ యాసిడ్ నార్మల్, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు, మంట ఉంటే పెరిగేది) మాత్రం కొంచెం ఎక్కువ, 34. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదటికే.

ఇప్పుడు రుమటాలజిస్ట్‌కి నేరుగా చూపించుకుందామంటే ఏడు వారాల తర్వాత డేట్ ఇచ్చారు. పైగా మూడు గంటల ప్రయాణం. ఇవే రిపోర్టులు చూసి ఇవే మాత్రలు రాయడానికైతే అంత దూరం ఎందుకు? మనిషి ఎదురుగా ఉంటే డాక్టర్ కొత్తగా చేసేదేమిటి? వెళ్లినవాళ్లు చెప్పండి.

పాతకాపు
వెళ్లండి. పది దాకా వేళ్లు పట్టేస్తున్నాయి అన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క చాలు.

సందేహాలరావు
ఒక్క ముక్కకే తీర్పు చెప్పేస్తే ఎలా పాతకాపు గారూ? ఫ్యాక్టర్ నెగటివ్ అంటున్నారు, డాక్టర్ కళ్లారా చూసి వాపు లేదన్నారు. బీపీ, థైరాయిడ్ అన్నీ నేను మూడేళ్లుగా ఫోన్లోనే నడుపుతున్నాను, హాయిగా ఉంది. మూడు గంటలు బస్సులో కూర్చుంటే లేని నొప్పులు కూడా వస్తాయి.

మెట్లెక్కనివాడు
బస్సు మెట్లు కూడా ఎక్కాలి మరి.

పాతకాపు
రావు గారూ, బీపీ మిషన్ చెప్పే అంకె. కీలు అలా కాదు.

నాకు తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడి వాచేలా చేసే కీళ్లవాతం. ఫ్యాక్టర్ ఇప్పటికీ నెగటివే. మొదటి ఏడాది ఎముకల డాక్టర్, జనరల్ డాక్టర్, మళ్లీ ఎముకల డాక్టర్. ఫైలు లావెక్కింది, వేళ్లూ లావెక్కాయి. చివరికి ఒక రుమటాలజిస్ట్ ఆవిడ నా ఫైలు తెరవకుండానే పక్కన పెట్టి "చేయి ఇలా ఇవ్వండి" అన్నారు. ఒక్కో కణుపునీ తన రెండు చేతుల వేళ్లతో పట్టుకున్నారు. పక్కల నుంచి నొక్కి, పైన ఏమైనా ఉబుకుతుందా అని రెండో చేత్తో చూడటం. పైన నొక్కి పక్కల చూడటం. ఎముక పెరిగితే గట్టిగా తగులుతుందట. కీలు లోపలి పొర వాచితే మెత్తగా, కొంచెం గాలి దిగిన బంతిలా దిగి మళ్లీ లేస్తుందట. నా కళ్లకు రెండూ లావు వేళ్లే. ఆవిడ వేళ్లకి మాత్రం తేడా తెలిసింది. తర్వాత చేయి కలిపినట్టే పట్టుకుని, వేళ్లు మొలిచే చోట ఉన్న వరుసని అడ్డంగా ఒక్క నొక్కు నొక్కారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంత నొప్పి అక్కడ ఉందని నాకే తెలియదు.

ఆ నొక్కు వీడియోలో ఎవరు నొక్కుతారు?

సందేహాలరావు
ఇంట్లోవాళ్లు నొక్కుతారు. మా ఇంట్లో అయితే గొంతే నొక్కుతారు.

మెట్లెక్కనివాడు
సీసా గారూ, నాది మీకు పూర్తిగా ఉల్టా కేసు. చెప్తే మీకు పోలిక తెలుస్తుంది. మోకాళ్లు పొద్దున ఐదు పది నిమిషాలు మొరాయిస్తాయి, నాలుగు అడుగులు వేస్తే సర్దుకుంటాయి. సాయంత్రానికి మాత్రం మెట్లు చూస్తే భయం. నేనూ అనవసరంగా టెన్షన్ పడి రుమటాలజిస్ట్ దగ్గరికే వెళ్లాను. ఆయన మోకాలి చిప్ప మీద అరచేయి పెట్టి కాలు వంచి చాపించారు. లోపల కరకరమని ఇసుక నలిగినట్టు ఆయన చేతికి తగిలింది. వేడి లేదు, మెత్తటి వాపు లేదు. "ఇది అరుగుదల, నా దగ్గరికి మళ్లీ రానక్కర్లేదు, తొడ కండరాలకి బలం పెంచండి, బరువు తగ్గండి" అన్నారు. పది నిమిషాల పని. ఏడాదిగా "వాతమేమో" అని భయపడ్డది ఆ పది నిమిషాల్లో పోయింది. మళ్లీ రానక్కర్లేదు అనిపించుకోవడానికైనా ఒకసారి వెళ్లాలి.

బరువు మాత్రం తగ్గలేదు. అది వేరే చర్చ.

ల్యాబ్_గది
పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పని. రిపోర్టు పట్టుకుని జబ్బు ఉందనీ లేదనీ తేల్చుకునేవాళ్లని రోజూ చూస్తాను. రెండు మాటలు.

రుమటాయిడ్ ఉన్నవాళ్లలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఫ్యాక్టర్ నెగటివ్‌గానే వస్తుంది. జబ్బు మొదట్లో ఇంకా ఎక్కువమందికి. ఉల్టాగా, ఏ కీళ్ల జబ్బూ లేని పెద్దవయసు వాళ్లకీ, హెపటైటిస్ సి ఉన్నవాళ్లకీ పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ అని ఇంకో పరీక్ష ఉంది, అది పాజిటివ్ అయితే రుమటాయిడ్ అని చాలా గట్టిగా చెప్పవచ్చు. అది మీకు చేశారా? మీ పోస్టులో లేదు.

ఇక ఏఎన్ఏ, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే ఇంకో జబ్బు) అనుమానం ఉంటే చేసే రక్త పరీక్ష. ఇది చూసి ఏడ్చిన ఆడపిల్లలు ఎంతమందో. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా 1:160 దగ్గర (అంటే రక్తాన్ని అంత పలచన చేసి చూసినా) దాదాపు 5 శాతం మందికి పాజిటివ్ వస్తుంది, 1:40 దగ్గరైతే ముప్పై శాతం దాకా. నెట్‌లో వెతికి లూపస్ అని తామే తేల్చుకుని వస్తారు.

సందేహాలరావు
నెగటివ్ అయినా జబ్బు ఉండొచ్చు, పాజిటివ్ అయినా లేకపోవచ్చు. మరి రక్తం తీయడం ఎందుకండీ? దోమలు తీసుకుంటున్నది చాలదా?

ల్యాబ్_గది
కీళ్లు చూసి డాక్టర్‌కి ఒక అనుమానం వస్తుంది. పరీక్ష ఆ అనుమానాన్ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. అనుమానం లేకుండా చేసిన పరీక్ష చీకట్లో బాణం. దోమల మాట ఎత్తారు కాబట్టి: చికున్‌గున్యా తర్వాత కూడా నెలల తరబడి ఇలాగే కీళ్లు పట్టేస్తాయి. సీసా గారూ, ఈ నాలుగు నెలల ముందు జ్వరం ఏమైనా వచ్చిందా? వస్తే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మూతరాని_సీసా
జ్వరం ఏమీ రాలేదండీ. యాంటీ సీసీపీ అనే మాట ఇక్కడే వింటున్నాను.

వెన్నుపూస
నాది వేళ్లు కాదు, నడుము. కానీ చెప్పకుండా ఉండలేను. ఇరవై నాలుగేళ్లప్పుడు మొదలైంది. రాత్రి మూడింటికి నొప్పితో మెలకువ వచ్చేది, లేచి గదిలో తిరిగితే తగ్గేది. పడుకుంటే పెరిగే నొప్పి, తిరిగితే తగ్గే నొప్పి! అందరూ "విశ్రాంతి తీసుకో" అన్నారు. ఆరేళ్లు విశ్రాంతి తీసుకున్నాను, అంటే ఆరేళ్లు జబ్బుని మేపాను.

రుమటాలజిస్ట్ నన్ను గోడకి ఆనించి నిలబెట్టారు. మడమలు, వీపు గోడకి తగలాలి, తల వెనక భాగం కూడా తగిలించమన్నారు. నా తలకీ గోడకీ మధ్య ఆయన మూడు వేళ్లు పట్టాయి. తర్వాత నడుము మీద పెన్నుతో పది సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి ముందుకి వంగమన్నారు. మామూలు వాళ్లకి ఆ దూరం పదిహేను దాకా సాగుతుందట. టేపు పెట్టి చూస్తే నాకు పన్నెండు కూడా రాలేదు. హెచ్‌ఎల్ఏ బీ27 (వెన్నెముక వాతానికి చూసే జన్యు పరీక్ష), ఎంఆర్ఐ అన్నీ ఆ తర్వాతే. ఆ గీతలు వీడియో కాల్‌లో నా వీపు మీద ఎవరు గీసేవాళ్లు?

మెట్లెక్కనివాడు
మా చిన్నోడు గీసేవాడు. గోడలన్నీ అయిపోయాయి, వీపే మిగిలింది.

గోరుగుంటలు
అందరూ వేళ్లు వేళ్లు అంటున్నారు, నా జబ్బు దొరికింది గోళ్లలో. కుడి చేతి ఒక వేలు మొత్తం, మొదలు నుంచి చివరి దాకా, ఉబ్బిపోయింది. దెబ్బ తగిలిందేమో అని అందరూ ఎక్స్‌రే తీసి పంపేశారు. రుమటాలజిస్ట్ నా గోళ్లని వెలుతురుకి అడ్డం పెట్టి చూశారు: సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు. వెంటనే చెవుల వెనక, జుట్టు పాయలు తీసి మాడు మీద, ఆఖరికి బొడ్డులో కూడా టార్చ్ వేసి చూశారు. బొడ్డు చూపించమంటే కొంచెం వింతగానే ఉంది. చెవి వెనక ఒక పొలుసు మచ్చ దొరికింది. చుండ్రు అనుకుని పదేళ్లుగా షాంపూలు మారుస్తున్నది అదే. సోరియాసిస్, దాంతో వచ్చిన కీళ్ల జబ్బు. నా రక్త పరీక్షలన్నీ నార్మల్, ఇప్పటికీ.

బొటనవేలి_బాధితుడు
యూరిక్ యాసిడ్ నార్మల్ అని ధైర్యపడేవాళ్ల కోసం: గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో స్ఫటికాలుగా పేరుకునే జబ్బు) నొప్పి ఉద్ధృతంగా ఉన్న రోజున రక్తంలో అది నార్మల్‌గా కనిపించవచ్చు. నాకు 5.9 వచ్చింది. కాలి బొటనవేలి మీద దుప్పటి తగిలితే కేక పెట్టే స్థితి! రెండు వారాలయ్యాక మళ్లీ చేస్తే 8.7. మొదటిసారే తేలింది ఎలాగంటే, డాక్టర్ సూదితో కీల్లోంచి రెండు చుక్కల నీరు లాగి మైక్రోస్కోప్ కింద చూశారు. నాకూ చూపించారు, సూదుల్లా మెరుస్తూ స్ఫటికాలు. నొప్పి ఎందుకు అంత పదునుగా ఉందో అప్పుడు అర్థమైంది.

నెంబరు_47
అందరూ మంచి మంచి కథలు చెప్తున్నారు కాబట్టి నాది కూడా. మనిషి వెళ్లాను. రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఐదు నిమిషాలు. డాక్టర్ కంప్యూటర్ వైపే చూస్తూ నా రిపోర్టులు తిప్పి, టైప్ చేసి, కాగితం ఇచ్చారు. చేయి కాదు కదా, నా ముఖం కూడా చూడలేదు. అది వీడియో కాల్ కంటే ఏ విధంగా మెరుగు? కనీసం వీడియోలో సోఫాలో కూర్చుంటాం.

సందేహాలరావు
ఇదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. 47 గారికి నా ఓటు.

పాతకాపు
47 గారి బాధ నిజం, అలాంటివాళ్లు ఉన్నారు. కానీ అది వెళ్లడంలో తప్పు కాదు, ఆ డాక్టర్ చూడకపోవడంలో తప్పు. నేనైతే మొహమాటపడను. "ఇక్కడ ఒకసారి నొక్కి చూస్తారా" అని చేయి బల్ల మీద పెట్టేస్తాను. పెట్టిన చేతిని చూడనివాళ్లు ఇప్పటివరకు తగల్లేదు.

నెంబరు_47
డాక్టర్‌ని మార్చాను లెండి. రెండో ఆవిడ చెప్పులు, సాక్సులు విప్పించి మరీ చూశారు.

ఫిజియో_పిల్ల
ఒక లెక్క చెప్తాను, రావు గారు లెక్కల మనిషిలా ఉన్నారు. రుమటాయిడ్‌ని గుర్తించడానికి 2010 లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. మొత్తం 10, ఆరు వస్తే రుమటాయిడ్ కింద లెక్క. అందులో రక్తంలోని ఫ్యాక్టర్, సీసీపీలకి మూడు. వాపు, మంట చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలకి ఒకటి. ఆరు వారాలు దాటితే ఒకటి. మిగతా అయిదూ ఎన్ని కీళ్లు, ఏ కీళ్లు అన్నదానికే. అసలు ఆ మార్కులు వేయడం మొదలుపెట్టాలంటేనే కనీసం ఒక్క కీలైనా వాచి ఉందని డాక్టర్ పరీక్షించి తేల్చాలి. అంటే సగం మార్కులు చేతితో వేసేవి. ఆ పేపరు దిద్దకుండానే "నార్మల్" అనేశారు సీసా గారిని.

సందేహాలరావు
లెక్క బాగుంది. ఒప్పుకోవడం లేదు, బాగుందంటున్నాను అంతే.

మూతరాని_సీసా
సరే, వెళ్దామనే అనిపిస్తోంది. డేట్ ఖాయం చేసుకున్నాను. రెండు సందేహాలు. ఒకటి, నొప్పి మాత్రలు ఆపేసి వెళ్లాలా? రెండు, ఆ రోజు కూడా సాయంత్రం స్లాటే. సాయంత్రానికి నా చేతులు అమాయకంగా కూర్చుంటాయి, ఏం చూపించను?

వెన్నుపూస
నేను రెండు రోజులు ఆపి వెళ్లాను. ఆపితేనే అసలు రంగు కనబడుతుంది.

అనుభవం_ఎక్కువ
ఆగండాగండి, అందరికీ అలా చెప్పకండి. నొప్పి మాత్ర సంగతి క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగితే వాళ్లే చెప్తారు. స్టెరాయిడ్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, కొన్ని వారాలు వాడిన ఒంటికి అది ప్రమాదం.

అసలు కష్టం దీనికి ఉల్టా. నొప్పి భరించలేక నేను అపాయింట్‌మెంట్‌కి వారం ముందు ఒకరి మాట విని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. స్వర్గం! వారం తర్వాత డాక్టర్ ఎదురుగా కూర్చుంటే ఒక్క కీలూ వాచి లేదు. "ఇప్పుడు నాకేమీ కనిపించదండీ, దీని ప్రభావం దిగాక రండి" అన్నారు. మళ్లీ ఆరు వారాలు. పేరు తెలియని పొడులు, పొట్లాల్లో మాత్రలు కూడా అంతే. వాటిలో చాలాసార్లు స్టెరాయిడే కలిపి ఉంటుంది. వాడితే దాచకుండా చెప్పేయండి, ఆ పొట్లం కూడా పట్టుకెళ్లండి.

ఫిజియో_పిల్ల
సాయంత్రం స్లాట్‌కి మందు ఉంది. పొద్దున లేవగానే, ఇంకా మంచం మీద ఉండగానే, కిటికీ వెలుగులో రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీయించండి. పిడికిలి ఎంతవరకు ముడుచుకుంటోందో ఇంకోటి. ఫ్లాష్ వద్దు, అది వాపు నీడల్ని మింగేస్తుంది. వారం రోజులు తీస్తే చాలు. ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి వేళ్లు వదిలాయి, ఈ రెండు అంకెలు రాయండి. "చాలాసేపు" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. అరగంట లోపా, గంట పైనా అన్నదే వాళ్లకి కావాల్సింది.

అలాగే, చేతులకి ఉంగరాలు పెట్టుకోకండి, గోళ్ల రంగు తీసేయండి (గోరుగుంటలు గారి కథ చదివాక కారణం చెప్పక్కర్లేదు). మోకాలి దాకా సులువుగా మడవగలిగిన బట్టలు వేసుకోండి. ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్, థైరాయిడ్, కీళ్లవాతం ఉందేమో ముందే కనుక్కోండి, అక్కడ అడిగితే ఎవరికీ గుర్తు రాదు.

నిద్రలేని_రాత్రి
చర్చ మధ్యలో దూరుతున్నాను. మా నాన్నకి నిన్నటి నుంచి ఒక్క మోకాలే ఎర్రగా, కాలిపోతూ, బెలూన్‌లా ఉబ్బింది. చలి జ్వరం కూడా ఉంది. కాలు కింద పెట్టనివ్వడం లేదు. ఆయనకీ రుమటాలజిస్ట్ డేట్ తీసుకోవాలా? ఎల్లుండి వీడియో స్లాట్ ఒకటి ఖాళీ ఉంది.

పాతకాపు
డేట్ కాదు, వీడియో కాదు. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ల్యాబ్_గది
అవును, ఈ రాత్రే. కీల్లో చీము పట్టి ఉండొచ్చు, నీరు తీసి కల్చర్‌కి (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి) పంపాలి. రోజులు ఆగితే కీలు తినేస్తుంది. అక్కడికి వెళ్లేలోగా ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ ఏవీ వేయకండి, వేస్తే కల్చర్‌లో ఏమీ దొరక్కపోవచ్చు.

నిద్రలేని_రాత్రి
బయల్దేరుతున్నాం.

సందేహాలరావు
వెళ్లాక ఒక్క మాట రాయండి బాబూ. ఇందులో నాకు సందేహం లేదు.

పాతకాపు
సీసా గారూ, ఏడు వారాలు ఎక్కువ. యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య 2016 లో చెప్పిందేమంటే, కీలు వాచినవాళ్లు లక్షణాలు మొదలైన ఆరు వారాల్లోపే రుమటాలజిస్ట్ ముందు ఉండాలని. మీకు నాలుగు నెలలు దాటిపోయాయి. క్యాన్సిల్ అయిన స్లాట్‌కి పేరు రాయించండి. ఫోన్లో "కీళ్ల నొప్పి" అనకండి, నొప్పి అందరికీ ఉంటుంది. "రెండు చేతుల కీళ్లూ వాస్తున్నాయి, పొద్దున గంటల తరబడి వేళ్లు ముడవలేకపోతున్నాను" అనండి. వీలైతే మీ డాక్టర్‌తో ఒక చీటీ రాయించండి. నాకు పది రోజుల్లో పిలుపొచ్చింది.

నిద్రలేని_రాత్రి
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. మోకాల్లోంచి పసుపు చీము తీశారు. సూక్ష్మక్రిమి దొరికింది, నరానికి మందు ఎక్కిస్తున్నారు. నాన్న ఇవాళ సొంతంగా కూర్చున్నారు. ఎల్లుండి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకోలేను. దండం మీకు.

మెట్లెక్కనివాడు
హమ్మయ్య.

మూతరాని_సీసా
వెళ్లొచ్చాను! క్యాన్సిల్ స్లాట్ మూడో వారంలోనే దొరికింది. వివరంగా రాస్తాను, నాలాగే తటపటాయించేవాళ్లకి పనికొస్తుంది.

మొదట కూర్చోబెట్టి ప్రశ్నలు. కళ్లు పొడిబారుతున్నాయా, నోట్లో పుళ్లు వస్తాయా, చలికి వేళ్లు తెల్లబడతాయా, జుట్టు రాలుతోందా, సిగరెట్ తాగుతారా. వేళ్ల నొప్పికి కళ్లతో ఏం పని అనుకున్నాను. తర్వాత చేతులు బల్ల మీద. పాతకాపు గారు రాసింది రాసినట్టు, కణుపు కణుపూ. ఆయన నోటితో అంకెలు చెప్తుంటే పక్కన ఒక అమ్మాయి బొమ్మ మీద చుక్కలు పెడుతోంది. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు కలిపి 28 కీళ్లు చూస్తారట. నొప్పి ఉన్నవి 11, వాచినవి 8. వీడియోలో సున్నా!

సాయంత్రం నాలుగున్నరకి వాచినవి ఎనిమిది అంటే నాకే ఆశ్చర్యం. "మీకు తెలియడం మానేసిందండీ, అలవాటైపోయింది" అన్నారు. నా చూపుడు వేలి కణుపు మీద నా బొటనవేలినే పెట్టించి నొక్కించారు, తర్వాత తన వేలి మీద. ఆయనది రాయి. నాది దిండు.

ఆ తర్వాత కాళ్లు. నేను కాళ్ల గురించి ఒక్క మాట చెప్పలేదు, కొత్త చెప్పులు పడటం లేదనుకున్నాను. 28 లెక్కలో కాళ్లు లేవట, అయినా చూడకుండా పంపరట. కాలి వేళ్ల మొదట్లో అడ్డంగా నొక్కారు. ఆయన మీద అరిచేశాను, తర్వాత సారీ చెప్పాను. "అరిస్తేనే నాకు సుఖం, ముఖం చూసే నొక్కుతాను" అన్నారు. నిజమే, ఆయన నా వేళ్ల వైపు కాదు, ముఖం వైపే చూస్తున్నారు మొత్తం.

పొద్దుటి ఫోటోలు చూసి "ఇవి ఎవరు చెప్పారు?" అని మెచ్చుకున్నారు. ఫిజియో_పిల్ల గారూ, ఆ మెప్పు మీది. అల్ట్రాసౌండ్‌లో మణికట్టు చూపించారు, బూడిద రంగు మధ్యలో నిప్పురవ్వల్లా నారింజ చుక్కలు. అక్కడ రక్తం ఎక్కువ పారుతోందట, మంట ఇంకా మండుతోందని గుర్తు. ఎక్స్‌రేలో ఎముకకి గాటు పడలేదు, సమయానికి వచ్చారన్నారు. యాంటీ సీసీపీ పంపారు, బాగా ఎక్కువగా వచ్చింది. ఫ్యాక్టర్ ఈసారీ నెగటివే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్. కారులో ఏడ్చాను. సగం భయం, సగం "నేను బద్ధకస్తురాల్ని కాదు" అని. ఇంటికొచ్చాక ఆ కాగితం ఎవరికి చూపించాలో వాళ్లకి చూపించాను.

మెథోట్రెక్సేట్ (రుమటాయిడ్‌ని అదుపు చేసే మందు) మొదలుపెట్టారు. దానికి ముందు లివర్, కిడ్నీ, హెపటైటిస్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించారు. కొన్ని వారాలకి చిన్న మోతాదు స్టెరాయిడ్, దాన్ని మెల్లగా దింపుతారట. నెట్‌లో మెథోట్రెక్సేట్ అంటే క్యాన్సర్ మందు అని ఉంది, చేతులు వణుకుతున్నాయి.

పాతకాపు
క్యాన్సర్‌కి ఇచ్చేది వేరే మోతాదు, చాలా పెద్దది. మనకిచ్చేది కొద్ది మిల్లీగ్రాములు. తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నాను, ఇదిగో టైప్ చేస్తున్నాను.

ఒక్కటి మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకునే మందు కాదు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏదో ఒక రోజు ఎంచుకుని దాని పేరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో డాక్టర్ చెప్పినట్టే చేయండి, మర్చిపోతే నోట్లో పుళ్లు పలకరిస్తాయి. రక్త పరీక్షలు ఎగ్గొట్టకండి. గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పాలి, ఈ మందు మీద ఉండగా కుదరదు.

అనుభవం_ఎక్కువ
మందు వేసుకున్నా నొప్పి తగ్గడం లేదని రెండో వారంలో మానేయకండి. నేను చేసిన రెండో తెలివితక్కువ పని అది. మొదటిది పైన రాశాను.

గోరుగుంటలు
నాదీ అదే మందు. శనివారం రాత్రి వేసుకుని పడుకుంటాను, ఆదివారం కొంచెం వికారంగా ఉంటే ఎవరికీ చెప్పక్కర్లేదు.

సందేహాలరావు
సీసా గారూ, మీకు తేలినందుకు సంతోషం. మనస్ఫూర్తిగా. కానీ ఒక ప్రశ్న. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?

మూతరాని_సీసా
నెల నెలా ఇక్కడే రక్త పరీక్ష చేయించి రిపోర్టు పంపి వీడియోలో మాట్లాడమన్నారు. మూడో నెల మాత్రం మనిషి రావాలి, కీళ్లు మళ్లీ లెక్కపెట్టాలట.

సందేహాలరావు
చూశారా! వీడియో! రుమటాలజిస్టే అన్నాడు! మూడుకి రెండు నాకు!

నెంబరు_47
నా ఓటు వెనక్కి తీసుకున్నా ఇంకా సగం నెగ్గారు.

పాతకాపు
రావు గారూ, ఆ రెండు మీరే ఉంచుకోండి. లెక్కపెట్టేది మూడోసారే.

ఫిజియో_పిల్ల
సీసా గారూ, వేళ్ల వ్యాయామాలు రాశారా? పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి మెల్లగా ముడిచి తెరవండి. మూతలకి రబ్బరు గుడ్డ చుట్టి అరచేత్తో తిప్పండి, వేళ్ల కొసలతో కాదు.

మూతరాని_సీసా
రాశారండీ, చేస్తున్నాను. స్టెరాయిడ్ పుణ్యమా అని కుళాయి తిరుగుతోంది. బుధవారం ఎంచుకున్నాను, నిన్న రెండో డోసు. అసలు మందు పని తెలియడానికి పన్నెండు వారాల దాకా పట్టొచ్చన్నారు. సీసా మూత ఇంకా రాలేదు.